పెరట్లో అనాబ్ ద్రాక్ష: కవర్లోని కటింగ్‌ను నేలలోకి ఎప్పుడు, ఎలా దించాలి?

మీరు అడిగింది ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట వైపు మీ బంధువుల పాత తోట నుంచి అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష కటింగ్, అంటే నాటడానికి కోసిన కొమ్మ ముక్క తెచ్చుకున్నారు. నల్ల కవర్లో వేరు పట్టి అయిదారు ఆకులు వేసింది. ఇన్నాళ్లూ ఇంట్లో కిటికీ పక్కన పెంచారు. మార్చి చివర్లో పెరట్లో ఎండకి పెడితే రెండు రోజుల్లోనే ఆకులు మాడిపోయాయి. పెరడు చిన్నది, ఇల్లు కట్టినప్పుడు పోసిన మట్టే ఉంది, నీళ్లు బోరువి. ఇప్పుడు నేలలో నాటొచ్చా, గుంత ఎలా తీయాలి, గింజ మొక్కకూ దీనికీ తేడా ఏంటి, కాపు ఎప్పుడు వస్తుంది, బాగా పెరిగితే మీ చెల్లెలి ఇంటికి ఇంకో మొక్క చేయొచ్చా అని అడిగారు.

మొదటి మాట: మొక్క చావలేదు. రెండో మాట: ఇప్పుడు నేలలో పెట్టకండి. మృగశిర కార్తె దాకా ఆగండి.

కిటికీ దగ్గర తక్కువ వెలుతురులో వచ్చిన ఆకు పల్చగా ఉంటుంది. నీటిని ఆపుకునే మైనపు పొర దాని మీద సరిగా తయారవదు. ఆ ఆకును మార్చి ఎండలో పెడితే, అంత చిన్న వేర్లు పైకి పంపే నీటి కంటే ఆకు నుంచి ఆవిరయ్యే నీరు ఎక్కువవుతుంది. అందుకే అంచులు, ఎండ నేరుగా పడిన భాగాలు కాలినట్టు గోధుమ రంగులోకి మారతాయి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. అయితే సగం పచ్చగా ఉన్న ఆకును మాత్రం తుంచేయకండి, ఆ సగమే ఇప్పుడు మొక్కకు తిండి పెడుతోంది. కాండం మీద గోటితో చిన్నగా గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. కన్నులు, అంటే చిగురు పుట్టే మొగ్గలు ఉబ్బుతున్నాయంటే ఇక టెన్షన్ అక్కర్లేదు.

ఇలాంటప్పుడు చాలామంది కంగారుపడి యూరియా వేస్తారు, రోజుకు మూడుసార్లు నీళ్లు పోస్తారు. రెండూ చెయ్యకండి. దెబ్బ తిన్న వేరుకి ఎరువు ఉప్పు మంట పెడుతుంది, ఎక్కువ తడి గాలి అందకుండా చేస్తుంది. కవర్ను ఎండ నేరుగా పడని, వెలుతురు బాగా ఉండే చోటికి మార్చండి. మెట్ల కింద చీకటి మూల పనికిరాదు. వేపచెట్టు కిందైనా సరే, షేడ్ నెట్ కట్టిన బాల్కనీ అయినా సరే. కొత్త ఆకులు రెండు మూడు వచ్చాక ఎండ అలవాటు మొదలుపెట్టండి. మొదట పొద్దున్నే గంటసేపు, రెండు మూడు రోజులకోసారి మరో అరగంట, గంట పెంచుకుంటూ వెళ్లండి. పదకొండు తర్వాత ఎండ మాత్రం జూన్ దాకా వద్దు. ఆ వెలుతురులో పుట్టిన కొత్త ఆకు మందంగా, ముదురు పచ్చగా వస్తుంది. ఆ ఆకులే తర్వాత నేలలో ఎండకు తట్టుకుంటాయి.

ఎందుకు ఆగమంటున్నానంటే, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. పైగా మన ఎర్రనేల, సిమెంటు గోడ, పక్కింటి రేకులు అన్నీ కలిసి పెరట్లో వేడిని ఇంకా పెంచుతాయి. పైపొర నేల వేడెక్కితే లేత వేర్లు అక్కడే ఉడికిపోతాయి. తోటల్లో జనవరి, ఫిబ్రవరిల్లో నాటుతారు. వాళ్లకు ఎండలు ముదిరేలోపు వేరు లోతుకు దిగడానికి సమయం ఉంటుంది, డ్రిప్పు ఉంటుంది. ఏప్రిల్‌లో పెరట్లో నాటి ఊరెళ్లారంటే తిరిగొచ్చేసరికి పుల్ల మిగులుతుంది. జూన్ రెండో వారంలో మృగశిర వచ్చి, రెండు మంచి వానలు పడి నేల చల్లబడ్డాక నాటిన మొక్క, ఏప్రిల్‌లో నాటి కష్టపడి బతికించిన మొక్కను దసరాకల్లా దాటిపోతుంది.

ఈలోగా చిన్న కవర్లో వేర్లు చుట్టుకుపోతాయి. అందుకే ఒక పెద్ద కవర్లోకో, పన్నెండు అంగుళాల కుండీలోకో మార్చండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక చాలు. సాయంత్రం పూట మార్చండి, మట్టిగడ్డ విడిపోకుండా చూడండి. నర్సరీలో కనిపించే, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మాత్రమే నింపిన కుండీ వద్దు. నేలలోకి దించినప్పుడు ఆ పీట్ ఒక రకంగా, చుట్టూ మట్టి ఇంకో రకంగా ఆరతాయి, వేరు బయటికి రావడానికి ఇష్టపడదు.

గింజ మొక్కకూ దీనికీ తేడా కూడా అడిగారు కదా. మీ కవర్లో ఉన్నది కొత్త మొక్క కాదనే చెప్పాలి. అది ఆ పాత తీగలోని ఒక ముక్క, గుణాలన్నీ అవే. ఇంగ్లీషులో క్లోన్ అనేది దీన్నే. ద్రాక్ష గింజ వేస్తే మొలుస్తుంది కానీ తల్లి పండు రాదు. పుల్లగా రావచ్చు, చిన్నగా రావచ్చు, కాపుకు ఏళ్లు పట్టొచ్చు. అందుకే ప్రపంచమంతా ద్రాక్షను కొమ్మతోనో అంటుతోనో పెంచుతారు. ఎప్పుడో ఒకసారి తీగ మీద ఒక కన్ను దానంతట అది మారి వేరే రకం కొమ్మ వేస్తుంది. రైతు కంట్లో పడితే దాన్ని విడిగా పెంచుతాడు. థామ్సన్ సీడ్‌లెస్ అనే విత్తనం లేని రకం నుంచి మహారాష్ట్రలో తాస్-ఎ-గణేశ్ వచ్చింది అలాగే. కర్ణాటకలో దిల్‌ఖుష్ మన అనాబ్ నుంచి పుట్టిందే.

అనాబ్ అంటే హైదరాబాద్‌కు సొంత బిడ్డ లాంటిది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ దీన్ని ఇక్కడికి తెచ్చారని చెబుతారు. తర్వాత నగరం చుట్టూ మేడ్చల్, శామీర్‌పేట, కొంపల్లి వైపు పందిళ్ల కింద పెరిగి దేశమంతా పేరు తెచ్చుకుంది. పొడవైన పెద్ద పండు, పల్చటి తొక్క, పండితే తేనెరంగు, లోపల విత్తనాలు. ఎక్కువ రోజులు నిల్వ ఉండదు, దూరం పంపితే నలుగుతుంది. అందుకే విత్తనం లేని రకాలు మార్కెట్‌ను ఆక్రమించాయి. తోటల స్థానంలో ప్లాట్లు వచ్చాయి. ఇంటి పెరట్లో నిల్వ గొడవ లేదు, రవాణా గొడవ లేదు. తీగ మీద పండి కోసిన రోజే తినే ఇంటికి దీన్ని మించిన రకం లేదని నా గట్టి అభిప్రాయం. పాత తోటలు పోతున్న ఈ కాలంలో మీరు ఒక కొమ్మను కాపాడుతున్నారు. నాకు దాంట్లో నిజమైన సంతోషం ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక్క జాగ్రత్త. కొమ్మతో పాటు తల్లి తీగ జబ్బులూ వస్తాయి. మీ బంధువులను అడిగి ఆ తల్లి తీగ ఏటా బాగా కాస్తుందా, కొమ్మల మీద పిండినల్లి తెల్లగా పట్టి ఉందా కనుక్కోండి. కవర్ మొక్క కన్నుల దగ్గర, బెరడు సందుల్లో తెల్లటి దూది లాంటిది కనిపిస్తే ఇప్పుడే తడిగుడ్డతో తుడిచేసి, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. నేలలోకి వెళ్లాక చీమలు ఆ పిండినల్లిని తీగంతా పాకిస్తాయి.

చోటు ఎంచుకోవడం మీద కొంచెం సమయం పెట్టండి. ద్రాక్షకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి. మీ మొక్క మొదలు నీడలో ఉన్నా ఫర్వాలేదు, ఆకులు పరుచుకునే పందిరికి మాత్రం ఎండ తగలాలి. పక్కన అపార్ట్‌మెంట్ ఉంటే జూన్‌లో ఎండ చూసి నిర్ణయించకండి. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, నీడలు పొడుగవుతాయి, పండు ఊరేది అప్పుడే. గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో నాటండి. డాబా మీది వాననీటి పైపు ఆ గుంత దగ్గర పడకుండా చూసుకోండి. సంపుకీ సెప్టిక్ ట్యాంకుకీ దూరంగా ఉంటే మంచిది.

ఇక మట్టి. ఇల్లు కట్టినప్పుడు పోసిన మట్టి అన్నారు కాబట్టి అందులో ఏముందో నేను ఊహించగలను: మొరం, ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు, సున్నం. మొరంతో ఇబ్బంది లేదు, నీరు దిగిపోతుంది కాబట్టి ద్రాక్షకు అది ఇష్టమే. ఇబ్బంది అంతా సిమెంటుతో, సున్నంతో. అవి మట్టిని క్షారంగా మారుస్తాయి, అప్పుడు నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే కారణం ఎక్కువగా ఇదే. అందుకని గుంత తీసేటప్పుడు తెల్లగా, బూడిద రంగులో కనిపించే గడ్డలన్నీ ఏరి బయట పారేయండి.

గుంత రెండున్నర అడుగుల వెడల్పు, అంతే పొడవు, అంతే లోతు తీయించండి. మే నెలలోనే తీసి ఎండకు వదిలేస్తే పురుగులు, తెగుళ్లు కొంత పోతాయి. పైనున్న ఒక అడుగు మట్టిని ఒక పక్క, కింది మట్టిని ఇంకో పక్క వేయించండి. హైదరాబాద్‌లో చాలాచోట్ల రెండడుగులకే గడ్డపార రాయికి తగులుతుంది. అలా తగిలితే నాటే ముందు గుంత నిండా నీళ్లు నింపి చూడండి. కొన్ని గంటల్లో ఇంకిపోతే సరే. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే ఆ గుంత వానాకాలంలో తొట్టిలా మారుతుంది, వేర్లు కుళ్లుతాయి. అలాంటప్పుడు చోటు మార్చండి. వేరే చోటు లేకపోతే ఇటుకలతో అడుగున్నర ఎత్తు గట్టు కట్టి దాంట్లో నాటండి.

నింపేటప్పుడు పైమట్టికి రెండు గంపల చివికిన పశువుల ఎరువు, అరకిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, ఒక కిలో వేపపిండి కలపండి. పచ్చిపేడ వేయొద్దు. పచ్చిపేడ ఉడుకుతుంది, చెదలను పిలుస్తుంది. చెదలు మన ఎర్రనేలల్లో కటింగ్ మొక్కకు పెద్ద శత్రువు. కింద ఎండిన పుల్ల భాగం ఉంటుంది కదా, అక్కడ మొదలుపెట్టి లోపలంతా తినేస్తాయి. వేపపిండి కొంత కాపాడుతుంది. గుంతలో పాత చెక్క ముక్కలు, వేర్లు, అట్టముక్కలు లేకుండా చూడటం అంతకంటే ముఖ్యం. నింపిన మట్టి నేలమట్టానికి నాలుగైదు అంగుళాలు పైకి ఉండాలి, వానలకు అది కిందకి దిగుతుంది.

నాటే రోజు సాయంత్రం నాలుగున్నర తర్వాత మొదలుపెట్టండి. ముందురోజే కుండీకి నీళ్లు పోసి ఉంచండి, మట్టిగడ్డ గట్టిగా ఉంటుంది. కవరైతే అడుగు కోసి, గుంతలో దించాక పక్కలు చీల్చి తీయండి. అడుగున వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే వేళ్లతో మెల్లగా విడదీయండి. కుండీలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతు ఉండాలి. కాండాన్ని మట్టితో కప్పేస్తే బలంగా ఉంటుందని కొందరు అంటారు, ద్రాక్షకు అది అక్కర్లేదు. ఒకవేళ మీ మొక్క డాగ్‌రిడ్జ్ అనే, ఉప్పును తట్టుకునే వేరు రకం మీద కట్టిన అంటు అయితే అంటు కట్టిన చోటు నేలకు అరడుగు పైన ఉండి తీరాలి. లేకపోతే పై రకం సొంత వేర్లు వేసి అంటు ప్రయోజనం పోతుంది. చుట్టూ కాలితో తొక్కకుండా చేత్తో అదిమి, ఒక బకెట్ నీళ్లు నెమ్మదిగా పోయండి. పక్కన వెదురు కర్ర పాతి మెత్తటి సుతిలితో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. మొదటి పది రోజులు పడమర ఎండ పడకుండా పాత గోనెసంచో షేడ్ నెట్టో అడ్డం పెట్టండి.

నీళ్ల గురించి మన నగరంలో ప్రత్యేకంగా చెప్పాల్సిందుంది. ద్రాక్షకు ఉప్పు పడదు. బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతోందా చూడండి. కడుతుంటే ఆ నీళ్లు ఏళ్ల తరబడి పోసిన మట్టిలో కూడా అదే పేరుకుంటుంది. ముదురు ఆకుల అంచులు వరసగా ఎండుతూ వస్తే అది ఉప్పు లక్షణం. మీ మొక్కకు ఇప్పుడు జరిగింది వేరు, అది ఎండ దెబ్బ. రెండిటినీ కలిపేసుకోకండి. నల్లా నీళ్లు వచ్చే రోజున ద్రాక్షకు అవి ఇవ్వండి, బోరు నీళ్లు గచ్చు కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, వేసవిలో రోజూ బకెట్ దాకా వస్తాయి, అవి మొక్కకు మంచివి. ఆర్వో మెషిన్ వదిలే నీళ్లు మాత్రం ఒక్క చెంబు కూడా పోయకండి. మామూలు నీటిలోని ఉప్పంతా చిక్కబడి అందులోనే ఉంటుంది. నీళ్లు వృథా కాకూడదని చాలా ఇళ్లలో మొక్కలకే పోస్తున్నారు, మంచి ఉద్దేశంతోనే మొక్కల్ని చంపుకుంటున్నారు. బోరు తప్ప గతి లేని ఇల్లయితే, ఆ నీళ్లు బాగా ఉప్పగా ఉంటే, సొంత వేరు కటింగ్ కంటే డాగ్‌రిడ్జ్ మీద అంటు మొక్కే తీసుకోవడం తెలివైన పని.

ఎంత పోయాలంటే, వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే పోయండి. మొదట్లో వానలు లేని రోజుల్లో రెండు రోజులకోసారి సరిపోతుంది. తర్వాత వ్యవధి పెంచి, పోసినప్పుడు ఎక్కువ పోయండి. రోజూ ఒక మగ్గు చొప్పున పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. మొదలు చుట్టూ ఎండుటాకులు పరచండి, కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ల దూరం వదలండి.

మొదటి ఏడాది పండు గురించి ఆలోచించకండి. ఆ ఏడాది పని ఒక్కటే: ఒకే ఒక బలమైన రెమ్మను నిటారుగా పందిరి దాకా తీసుకెళ్లడం. వచ్చిన రెమ్మల్లో లావుగా, నిటారుగా ఉన్నది ఉంచి మిగతావి తీసేయండి. ప్రతి ఆకు దగ్గరా పక్క రెమ్మలు పుడతాయి, లేతగా ఉన్నప్పుడే గిల్లేయండి. నులితీగలు కూడా తుంచి, మీరే సుతిలితో కట్టుకుంటూ వెళ్లండి. పందిరి ఏడడుగుల ఎత్తులో వేస్తే కింద మనిషి నడవొచ్చు. రాతి కడీలు గానీ ఇనుప పైపులు గానీ పాతి, పైన జీఐ వైరు అడుగున్నర ఎడంతో రెండు వైపులా లాగితే చాలు. రెమ్మ పందిరికి అరడుగు దూరంలోకి వచ్చాక కొస గిల్లండి. అప్పుడు వచ్చే రెండు పక్క రెమ్మలను చెరో వైపు వైరు మీద పాకించండి. తోటవాళ్లు వీటినే చేతులు అంటారు. అనాబ్ బాగా విస్తరించే రకం, ఒక్క తీగకు దాదాపు రెండు వందల చదరపు అడుగుల పందిరి ఇచ్చినా నింపేస్తుంది. మీ పెరట్లో అంత చోటు లేదు కాబట్టి ఇంకో దారి ఉంది. వేరు పెరట్లో ఉంచి, మొదలును గోడ పక్కగా డాబా మీదికి తీసుకెళ్లి పందిరి అక్కడ వేయండి. ఎండ పుష్కలంగా ఉంటుంది, కింద కూర్చోవడానికి నీడ వస్తుంది. ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడికి చేరడానికి కొన్ని నెలలు అదనంగా పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నగరంలో ఎంతమంది ఇళ్లలోనో ద్రాక్ష తీగ చూశాను. ఆకులు దట్టంగా, నీడ చల్లగా ఉంటుంది, పండు ఉండదు. నాలుగేళ్లయినా కాయలేదండీ, రకం మంచిది కాదేమో అంటారు. రకంలో లోపం లేదు, కత్తెర పట్టలేదు. చలిదేశాల్లో ద్రాక్ష చలికి ఆకులు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేచి పూస్తుంది. మన దగ్గర దానికి నిద్ర లేదు, ఏడాదంతా ఆకులు వేస్తూనే ఉంటుంది. ఎప్పుడు కొమ్మ పెంచాలో ఎప్పుడు కాయాలో మనమే కత్తిరింపుతో చెప్పాలి. అందుకే ఇక్కడ ఏటా రెండు కత్తిరింపులు, ఒక కాపు.

మొదటిది ఏప్రిల్ మొదటి పక్షంలో. చేతుల మీద నుంచి వచ్చిన కొమ్మలన్నిటినీ ఒకటి రెండు కన్నులు ఉంచి కోసేయాలి. చూడటానికి మొండిగా, జాలిగా కనిపిస్తుంది. ఫర్వాలేదు, కోయండి. రెండు మూడు వారాల్లో కొత్త రెమ్మలు వస్తాయి. ఆ రెమ్మల కన్నుల లోపల, కోసిన నలభై నుంచి అరవై రోజుల మధ్య, వచ్చే ఏడాది గుత్తి రూపు కడుతుంది. కంటికి కనిపించదు కానీ మీ పంట నిర్ణయమయ్యేది అప్పుడే. ఆ సమయంలో రెమ్మలకు ఎండ బాగా తగలాలి, నత్రజని ఎరువు, నీళ్లు అతిగా ఉండకూడదు. ఏప్రిల్ మొదట్లోనే కోయమనడానికి కారణం ఇదే: జూన్‌లో మబ్బులు కమ్మేలోపు ఆ పని చాలావరకు పూర్తవ్వాలి. రెమ్మలు ఒకదాని మీద ఒకటి పడితే పల్చన చేయండి. కోసిన వెంటనే చేతులు నేరుగా ఎండలో పడతాయి కాబట్టి వాటి మీద కోసిన కొమ్మలే కొన్ని కప్పి ఉంచండి.

రెండోది అక్టోబర్‌లో, వానలు తగ్గాక. మీలాంటి ఇంటి పెంపకానికి నేను అక్టోబర్ మధ్య నుంచి నెలాఖరు వరకు చెప్తాను. అప్పటికి రెమ్మలు గోధుమ రంగుకు తిరిగి పెన్సిల్ లావు ముదిరి ఉంటాయి. అనాబ్‌కు మొదలు నుంచి అయిదారు కన్నులు లెక్కపెట్టి కోయండి, ఆకులన్నీ తీసేయండి. పచ్చగా, లేతగా ఉన్న కొమ్మ కాయదు, దాన్ని ఒక కన్నుకు కుదించండి. రెండు వారాల్లో కన్నులు పగిలి, ఆకుతో పాటే చిన్న గుత్తి కనిపిస్తుంది. ఎప్పుడు చూసినా నాకు ఇష్టమైన రోజులు అవే. తోటల్లో కన్నులన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. అది విషం, చర్మానికీ ఊపిరికీ ప్రమాదం, పిల్లలు తిరిగే ఇంట్లో దాని పేరు కూడా ఎత్తకండి. కొన్ని కన్నులు ఆలస్యంగా పగిలితే మనకు పోయేదేమీ లేదు, పండు కొన్ని వారాలు ఎక్కువ తింటాం.

ఈ లెక్కన మీరు ఈ జూన్‌లో నాటితే ఈ అక్టోబర్‌లో కాపు కోసం కోయకూడదు. వచ్చే ఏప్రిల్‌లో మొదటి కత్తిరింపు, ఆ అక్టోబర్‌లో తొలి కాపు కత్తిరింపు. అక్కడి నుంచి నాలుగు, అయిదు నెలలకు, అంటే ఫిబ్రవరి, మార్చిలో పండు. తొలి కాపుకు పది, పన్నెండు గుత్తులకు మించి ఉంచకండి, మిగతావి పూత దశలోనే తీసేయండి. ఎక్కువ మోయించిన చిన్న తీగ మరుసటి ఏడు అలిగి కూర్చుంటుంది.

తెగుళ్ల గురించి క్లుప్తంగా. అక్టోబర్ కత్తిరింపు తర్వాత తుపాను వానలు వస్తే బూజు తెగులు తప్పదు: ఆకు పైన నూనె మరకల్లా, కింద తెల్లటి బూజు. దానికి ఒక శాతం బోర్డో మిశ్రమం ఇప్పటికీ మంచి మందు. ప్లాస్టిక్ బకెట్లో అర లీటరు నీళ్లకు 10 గ్రాముల మైలుతుత్తం, ఇంకో దాంట్లో అర లీటరుకు 10 గ్రాముల సున్నం కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి పోస్తూ కలపండి. శుభ్రమైన ఇనుప మేకు ముంచి తీస్తే ఎర్రగా రాగి పట్టకూడదు, పడితే ఇంకొంచెం సున్నం కలపండి. ఆ రోజే వాడేయండి, పూత మీద కొట్టకండి. చలి తగ్గి పొడివాతావరణం వచ్చాక కాయల మీద బూడిద తెగులు వస్తుంది, నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 నుంచి 3 గ్రాములు, ఎండ తీవ్రంగా లేని సాయంత్రం కొట్టండి. కన్నులు పగిలే వారంలో చిన్న పెంకుపురుగులు వాటిని కొరికేస్తాయి. పొద్దున్నే కింద గుడ్డ పరిచి కొమ్మ దులిపితే రాలతాయి, ఏరి సబ్బునీళ్లలో వేయండి. మందు కొట్టిన రోజు రాసిపెట్టుకోండి. కోతకు నెల ముందు నుంచి ఏదీ కొట్టకండి.

పండు రంగు తిరిగాక ఉడతలు, పిట్టలు మీకంటే ముందే రుచి చూస్తాయి. గుత్తికి దోమతెర గుడ్డతో సంచి కుట్టి తొడగండి. ద్రాక్ష కోసిన తర్వాత పండదు, పులుపు అలాగే ఉంటుంది. గుత్తి కొసన ఉన్న పండు అన్నిటికంటే చివర పండుతుంది కాబట్టి దాన్నే తిని చూడండి. అది తియ్యగా ఉంటే గుత్తి కోయొచ్చు. పక్క ఇంటివాళ్లు థామ్సన్ పెంచి పండు చిన్నగా వచ్చిందని బాధపడితే, బజారులో ఉండే సైజు జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే హార్మోన్ మందు వల్ల వచ్చిందని చెప్పండి. మందు లేకుండా చిన్నగానే వస్తుంది, తీపి బాగుంటుంది. అనాబ్‌కు ఆ అవసరమే లేదు.

మీకు వీలైతే ఫిబ్రవరి, మార్చిల్లో రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రానికి ఒకసారి వెళ్లండి. కాపు మీద ఉన్న పందిరి దగ్గర నిలబడి కొమ్మ ఎక్కడ కోశారో, గుత్తి ఏ కన్ను నుంచి వచ్చిందో చూస్తే నేను రాసిన సగం పేరాలు అక్కర్లేదు.

చివరగా మీ చెల్లెలి మొక్క. తప్పకుండా చేయొచ్చు, తొందర మాత్రం వద్దు. రెండో అక్టోబర్‌లో కోసిన కొమ్మల్లో పెన్సిల్ లావున్న, బాగా ముదిరిన ముక్కలు ఏరండి. ఒక్కో ముక్క అడుగు పొడవు, నాలుగు కన్నులు. కింది కోత కన్నుకు ఆనుకుని నేరుగా, పై కోత కన్నుకు అంగుళం పైన ఏటవాలుగా కోస్తే తలకిందులుగా గుచ్చే పొరపాటు జరగదు. కింది రెండు కన్నులు మట్టిలో ఉండేలా కవర్లో గుచ్చి, నీడలో తడి ఆరకుండా ఉంచండి. ముందు చిగురు వస్తుంది, అది చూసి వేరు పట్టిందనుకోకండి. కొమ్మలో దాచుకున్న శక్తితోనే తొలి ఆకులు వేస్తుంది. కవరు అడుగున తెల్లటి వేరు కనిపించేదాకా కదపొద్దు. నాలుగైదు ముక్కలు గుచ్చితే రెండు మూడైనా నిలుస్తాయి. జనవరికి సిద్ధమైతే, ఈసారి మొదటి ఆకు నుంచే ఆరుబయట పల్చటి నీడలో పెంచినందువల్ల, ఫిబ్రవరి మొదట్లోనే వాళ్ల పెరట్లో నాటేయొచ్చు.